ఆర్మీలో 'నేను గే' అని చెబితే ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్‌ని ఒక మెసేజ్‌తో మొదలుపెడదాం. పంపిన తమ్ముడి పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. మన బెల్ట్ పోరడే అని మాత్రం చెప్తాను. "అన్నా, నేను అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్న. నేను గే. ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. 377 తీసేసిన్రు కదా, ఇగ ఆర్మీల ప్రాబ్లమ్ ఉండదు కదా?"

షార్ట్ ఆన్సర్ ఏంటంటే, ఉంటుంది తమ్మీ. ఎందుకు ఉంటుంది, ఎంత ఉంటుంది, అది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా అనేది లాంగ్ ఆన్సర్. దానికే ఈ ఎపిసోడ్.

ముందు మన ఏరియా తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మాది బొంతపల్లి. బయటివాళ్లకి వీరభద్రస్వామి గుడి తెలుసు, లేదంటే ఫ్యాక్టరీలు తెలుసు. ఇక్కడ చాలా ఇళ్లల్లో నాన్న ఏదో ఒక కంపెనీలో షిఫ్ట్‌కి పోతాడు, ఎక్కువగా కాంట్రాక్ట్ మీద. అందుకే పర్మనెంట్ నౌకరీ అనే మాటకి ఇక్కడ చాలా విలువ. నర్సాపూర్ రోడ్డు మీద హైదరాబాద్ వైపు పోతే దుండిగల్, అక్కడ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. మన జిల్లాలోనే ఎద్దుమైలారంలో ఆర్మీకి బీఎంపీ బండ్లు తయారయ్యే ఫ్యాక్టరీ. ట్రైనింగ్ విమానాల సౌండ్ వింటూ పెరిగిన పిల్లలు పొద్దున్నే లేచి రన్నింగ్ కొట్టడంలో ఆశ్చర్యం ఏముంది? అగ్నివీర్ అయితే నాలుగేళ్లే. ఆ తర్వాత రెగ్యులర్‌గా ఉంచుకునేది 25 శాతం వరకే. అది తెలిసి కూడా పోతున్నారు. అలా పోయేవాళ్లలో గే పిల్లలు కూడా ఉంటారు. ఎవరో మనకి తెలియదు, అంతే.

సరే, చట్టం దగ్గరికి వద్దాం.

2018 సెప్టెంబర్ 6. నవతేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపూర్వకంగా, ప్రైవేటుగా కలిసి ఉంటే అది నేరం కాదు అని చెప్పింది. బ్రిటిష్ వాళ్లు 1860లో రాసిన సెక్షన్ 377 ఆ మేరకు పోయింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో ఆ సెక్షనే లేదు. అంటే నువ్వు సివిలియన్‌వి అయితే, గే అయినందుకు నిన్ను ఏ పోలీసూ అరెస్ట్ చేయలేడు.

మరి యూనిఫామ్ వేసుకుంటే?

ఇక్కడ రెండు విషయాలు తెలియాలి. మొదటిది, రాజ్యాంగంలోని ఆర్టికల్ 33. సైన్యంలో ఉన్నవాళ్లకి ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో పార్లమెంట్ చట్టం చేసి తగ్గించవచ్చు అని చెప్తుంది. అందుకే సైనికులు యూనియన్ పెట్టుకోలేరు, రాజకీయ మీటింగులకు పోలేరు. క్రమశిక్షణ కోసం పెట్టిన ఆర్టికల్ అది.

రెండోది ఆర్మీ యాక్ట్, 1950. దాని సెక్షన్ 46లో ఒక మాట ఉంది. క్రూరమైన, అసభ్యమైన, లేదా 'ప్రకృతి విరుద్ధమైన' సిగ్గుమాలిన ప్రవర్తన. కోర్ట్ మార్షల్‌లో రుజువైతే ఏడేళ్ల దాకా జైలు. ఎయిర్‌ఫోర్స్ యాక్ట్‌లో కూడా ఇదే మాట. గమనించండి, గే అనే పదం ఎక్కడా లేదు. కానీ 'ప్రకృతి విరుద్ధం' అనేది 377లో వాడిన మాటే. ఆఫీసర్లకైతే సెక్షన్ 45 కూడా ఉంది, హోదాకి తగని ప్రవర్తన అని. ఏది తగనిది? ఆ లిస్ట్ చట్టంలో రాసి లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో చేసినప్పుడు ఒకటి చూసేవాణ్ణి. పాత మాడ్యూల్ ఒకదాన్ని డిలీట్ చేస్తాం, అయిపోయింది అనుకుంటాం. కానీ అదే లాజిక్‌ని ఎవరో ఇంకో ఫైల్‌లో కాపీ చేసి పెట్టుకుని ఉంటారు. అది నడుస్తూనే ఉంటుంది. 377 విషయంలో జరిగింది అదే. మెయిన్ ఫైల్‌లో తీసేశారు, ఆర్మీ ఫైల్‌లో ఉంది.

ఇది నా ఊహ కాదు. 2019 జనవరిలో అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ వార్షిక ప్రెస్ మీట్‌లో ఇదే ప్రశ్న ఎదుర్కొన్నారు. సైన్యం సంప్రదాయబద్ధంగా ఉంటుంది, ఇలాంటివి సైన్యంలో ఆమోదయోగ్యం కాదు, ఆర్మీ యాక్ట్ కిందే చూసుకుంటాం అనే అర్థంలో జవాబిచ్చారు. తీర్పు వచ్చి నాలుగు నెలలే అయింది అప్పటికి.

ఇంకొకటి చూడండి. వివాహేతర సంబంధం నేరం కాదని కూడా సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లోనే చెప్పింది. తర్వాత రక్షణ శాఖ మళ్లీ కోర్టుకి వెళ్లింది. 2023 జనవరి 31న ఐదుగురు జడ్జీల బెంచ్, ఆ తీర్పు సైనిక చట్టాల గురించి కాదు, సైన్యం తన చట్టం ప్రకారం చర్య తీసుకోవచ్చు అని క్లారిటీ ఇచ్చింది. అది వేరే టాపిక్, ఒప్పుకుంటాను. కానీ మనకి తెలిసేది ఏంటంటే, బయట మారిన చట్టం బ్యారక్ గేటు దాటి దానంతటది లోపలికి పోదు.

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన కేసు ఒకటి చెప్తాను. ఇది గే సైనికుడి కేసు కాదు, ట్రాన్స్ మహిళ కేసు. రెండూ ఒకటి అనుకోవద్దు. గే అంటే మగవాడికి మగవాడి మీద ఇష్టం. ట్రాన్స్ అంటే పుట్టినప్పుడు రాసిన జెండర్ వేరు, మనిషి లోపల తనని తాను తెలుసుకున్నది వేరు. కానీ సైన్యం ఇద్దరికీ చెప్పే జవాబు ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ కేసు మనకి ముఖ్యం.

విశాఖపట్నం. తూర్పు నౌకాదళ హెడ్‌క్వార్టర్స్ అక్కడే. సాబీ గిరి 2010లో నేవీలో సెయిలర్‌గా చేరారు, మగవాడిగా. ఏడేళ్ల సర్వీస్. 2016లో సెలవు మీద ఢిల్లీ వెళ్లి సర్జరీ చేయించుకున్నారు. తిరిగి విశాఖ వచ్చి డ్యూటీలో చేరాక విషయం బయటపడింది. తనని నెలల తరబడి మానసిక రోగుల వార్డులో ఉంచారని ఆమె మీడియాకి చెప్పారు. 2017 అక్టోబర్‌లో నేవీ ఆమెని సర్వీస్ నుంచి తీసేసింది. వాడిన క్లాజ్ పేరు తెలుగులో చెప్పాలంటే 'ఇక సేవలు అవసరం లేదు'.

నేవీ చెప్పిన కారణం ఏంటి? చేరినప్పుడున్న జెండర్‌ని సెలవులో ఉండగా సొంత నిర్ణయంతో మార్చుకున్నారు, కాబట్టి రిక్రూట్‌మెంట్ అర్హత నిబంధనలు ఉల్లంఘించినట్టే అని. అప్పుడు నేవీలో ఆడవాళ్లు ఆఫీసర్లుగా ఉన్నారు కానీ సెయిలర్లుగా లేరు. అంటే సాబీ గిరి ఇప్పుడు మహిళ, మహిళలకి సెయిలర్ పోస్టే లేదు. పని చేతకాదని ఎవరూ అనలేదు. ఏడేళ్లు అదే చేతులు అదే పని చేశాయి కదా. ఆమె ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఐదేళ్లు ముందుకి రండి. 2022లో అగ్నిపథ్ వచ్చింది. అదే నేవీ ఆడపిల్లల్ని సెయిలర్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. 2023 మార్చి 28న ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో మొదటి బ్యాచ్ పరేడ్ జరిగింది. అందులో 273 మంది అమ్మాయిలు. 2017లో కుదరనే కుదరదన్న పోస్టు 2023లో ఉంది. ఓడలు అవే, సముద్రం అదే, మారింది రూల్ ఒక్కటే. సాబీ గిరికి మాత్రం ఆ మార్పు ఆలస్యంగా వచ్చింది.

ఇక ఆర్మీ. మేజర్ జె. సురేష్ అనే ఆయన 11 ఏళ్లకి పైగా ఆర్మీలో పనిచేసి బయటికి వచ్చారు. 2020లో తాను గే అని పబ్లిక్‌గా చెప్పారు, పేరుతో, ముఖంతో. ఆర్మీ వదలడానికి ఉన్న ప్రధాన కారణాల్లో ఇదీ ఒకటని చెప్పారు. గమనించండి, బయటికి వచ్చాకే చెప్పగలిగారు. ఆయన కథ స్ఫూర్తితో డైరెక్టర్ ఓనిర్ సినిమా తీయాలనుకున్నారు. ఆర్మీ మీద సినిమా అంటే రక్షణ శాఖ నుంచి అనుమతి తీసుకోవాలి. 2022 జనవరిలో ఆ స్క్రిప్ట్‌కి అనుమతి రాలేదు. పార్లమెంట్‌లో ప్రశ్న వేస్తే, కశ్మీర్‌లో డ్యూటీలో ఉన్న సైనికుడికీ అక్కడి అబ్బాయికీ ప్రేమ అని చూపించడం సైన్యాన్ని చిన్నబుచ్చుతుంది, భద్రతా సమస్యలు కూడా ఉన్నాయి అని మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చారు.

మనం సివిలియన్స్‌తో పోల్చి చూద్దాం. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్లిన సుప్రియో, అభయ్ హైదరాబాద్‌లో ఉండే జంటే. 2023 అక్టోబర్ 17న కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేదు. కానీ వాళ్లు సొంత పేరుతో, ఫోటోతో దేశం ముందు నిలబడి అడగగలిగారు. సర్వీస్‌లో ఉన్న సిపాయి అలా నిలబడితే, ఆ నిలబడటమే అతని మీద కేసుకి మొదటి సాక్ష్యం అవుతుంది.

ఇంకో తేడా ఉంది. నేను ఐటీలో ఉన్నప్పుడు జూన్ వస్తే కంపెనీల లోగోలు రంగులు మారేవి. అది ఎంత మనసులోంచి వచ్చిందో పక్కన పెట్టండి. అక్కడ నచ్చకపోతే రాజీనామా కొట్టి, నోటీస్ పీరియడ్ చేసి వెళ్లిపోవచ్చు. నేనూ అలాగే వదిలేసి వీడియోల్లోకి వచ్చాను. సాయంత్రం ఆరైతే మన రూమ్ మనది, మన ఫోన్ మనది. సిపాయికి సాయంత్రం ఆరు ఉండదు. పడుకునేదీ వాళ్ల మధ్యే, తినేదీ వాళ్ల మధ్యే. నచ్చలేదని రేపు పొద్దున వెళ్లిపోలేడు. 'ఎవరైనా గర్ల్‌ఫ్రెండ్ ఉందా రా' అని ఎవరో సరదాగా అడిగిన ప్రతిసారీ ఒక అబద్ధం చెప్పాలి, మొన్న ఏం చెప్పాడో గుర్తుపెట్టుకోవాలి. అది కూడా ఒక డ్యూటీనే, పైగా సెలవు లేని డ్యూటీ.

సరే, సైన్యం వైపు వాదన కూడా న్యాయంగా విందాం. మూడు కారణాలు చెప్తారు.

ఒకటి, క్రమశిక్షణ. నిజమే, పై అధికారి కింది సిపాయితో సంబంధం పెట్టుకుంటే యూనిట్ దెబ్బతింటుంది. బలవంతం జరిగితే అది కచ్చితంగా నేరం. కానీ ఆ రూల్ ఆడ, మగ, గే అందరికీ ఒకేలా పెట్టొచ్చు కదా. తప్పు చేసినవాడిని శిక్షించడం వేరు, ఫలానా మనిషిగా పుట్టినవాడిని తప్పుగా చూడటం వేరు.

రెండు, భద్రత. గే సైనికుణ్ణి శత్రువులు బ్లాక్‌మెయిల్ చేస్తారు అని. ఆలోచించండి, బ్లాక్‌మెయిల్ ఎప్పుడు పనిచేస్తుంది? రహస్యం ఉన్నప్పుడు. 'మీ సీఓకి చెప్పేస్తా' అనే బెదిరింపుకి బలం ఎక్కడిది? సీఓకి తెలిస్తే నౌకరీ పోతుంది అనే రూల్ నుంచే వస్తుంది. ఆ రూల్ తీసేస్తే బెదిరించేవాడి చేతిలో ఏమీ మిగలదు.

మూడోది అసలైంది. తోటి జవాన్లు ఒప్పుకోరు, యూనిట్‌లో ఐక్యత పోతుంది. బ్రిటన్ కూడా సరిగ్గా ఇదే చెప్పింది. అక్కడ గే సైనికుల్ని మిలిటరీ పోలీసులు ఇంటరాగేట్ చేసేవాళ్లు, గదులు వెతికేవాళ్లు, ఉద్యోగం తీసేసేవాళ్లు. కొందరి మెడల్స్ కూడా తీసుకున్నారు. 1999 సెప్టెంబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చి చెప్పింది. తోటివాళ్లకి ఇష్టం లేకపోవడం కారణం కాదు, రంగు మీదో జాతి మీదో ఉన్న ద్వేషం ఎలా కారణం కాదో ఇదీ అంతే అని. 2000 జనవరి 12న బ్రిటన్ నిషేధం ఎత్తేసింది. సైన్యం కూలిపోలేదు. 2023 జూలైలో ప్రధాని రిషి సునాక్ పార్లమెంట్‌లో నిలబడి పాత బాధితులకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు.

అమెరికా మధ్యలో ఒక వింత రూల్ పెట్టింది. మేం అడగం, నువ్వు చెప్పకు. 1990లలో మొదలై 2011 సెప్టెంబర్ 20న ముగిసింది. ఆ మధ్యలో 13 వేల మందికి పైగా సైనికులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 'చెప్పకు' అన్న సిస్టమ్‌లో కూడా ఎవరో ఒకరు చెప్పేస్తారు కాబట్టి.

అవన్నీ ఫారిన్ దేశాలు, మనది వేరు అంటారు కదా. ఓకే, మన దేశం కేసే చూద్దాం. ఆర్మీలో ఆడ ఆఫీసర్లకి కమాండ్ పోస్టులు ఇవ్వాలా వద్దా అనే కేసు. అందులో కేంద్రం ఏం వాదించిందో తెలుసా? జవాన్లలో ఎక్కువమంది గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన మగవాళ్లు, ఆడ ఆఫీసర్ ఆర్డర్‌ని ఒప్పుకునేలా వాళ్ల మనసులు ఇంకా తయారుకాలేదు అని. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. ఈ రోజు ఆడ ఆఫీసర్లు యూనిట్లకి కమాండ్ చేస్తున్నారు. ఊళ్ల నుంచి పోయిన జవాన్లే సెల్యూట్ కొడుతున్నారు.

ఆ వాదనలో ఉన్న 'గ్రామీణ నేపథ్యం జవాన్లు' ఎవరు? మనమే. బొంతపల్లి, గుమ్మడిదల, జిన్నారం, నర్సాపూర్ పోరగాళ్లు. మన పేరు చెప్పి ఆడవాళ్లని ఆపాలని చూశారు. ఇప్పుడు మన పేరు చెప్పే గే సైనికుణ్ణి ఆపుతున్నారు. ఊరోళ్లు ఒప్పుకోరు సార్ అని. మనల్ని ఎవరైనా అడిగారా?

నిజంగా అడిగితే మనం ఏం చెప్తామో నాకూ పూర్తి నమ్మకం లేదు. గ్రౌండ్‌లో రన్నింగ్ స్లో అయినవాణ్ణి మనం ఏమని పిలుస్తామో మీకు తెలుసు. ఆ మాటలు నేను ఇక్కడ అనను. కానీ ఇది కూడా తెలుసు, కంపెనీలో రియాక్టర్ దగ్గర ఏదైనా లీకైతే పక్కనోడు ఎవరు, ఏ కులం, ఏ మతం అని చూడం. ముందు బయటికి గుంజుతాం. సరిహద్దులో కూడా లెక్క అదే కదా. పక్కనోడు నిన్ను మోసుకొస్తాడా లేదా అన్నదే.

ఇప్పుడు మెసేజ్ పెట్టిన తమ్ముడికి, అలాంటి వాళ్లకి కొన్ని ప్రాక్టికల్ మాటలు.

నువ్వు గే అయినంత మాత్రాన ఆర్మీకి పనికిరావు అనేది అబద్ధం. 1600 మీటర్లు ఎవరు ముందు దాటారో స్టాప్‌వాచ్ చెప్తుంది, అంతే. కానీ ఈ రోజుకి సర్వీస్‌లో ఉండి ఓపెన్‌గా చెప్పుకునే రక్షణ నీకు లేదు. ఇది తెలిసి సంతకం పెట్టు. పోవాలా వద్దా అనేది నీ నిర్ణయం, నేను వద్దు అనను, పో అని కూడా అనను.

ఫోన్ జాగ్రత్త. డేటింగ్ యాప్‌లలో ముఖం, ఊరు, ట్రైనింగ్ సెంటర్ పేరు పెట్టకు. ఎవరైనా బెదిరించి డబ్బులు అడిగితే ఒక్క రూపాయి కూడా పంపకు, స్క్రీన్‌షాట్లు దాచుకుని 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చెయ్. మనసు బాగా బరువైతే 14416, టెలీ మానస్. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

మిగతావాళ్లకి ఒక్కటే. రేపు మీ బ్యారక్‌లో పక్క మంచం వాడి గురించి మీకు ఏదైనా తెలిసిందనుకోండి, అది మీరు ఇంకొకరికి చెప్పే విషయం కాదు. సరదాకి కూడా వద్దు. ఇప్పుడున్న రూల్ కింద మీ నోట్లోంచి జారిన ఒక్క మాటతో ఒకడి నౌకరీ, ఒక ఇంటి అన్నం పోతాయి. చట్టం మార్చడం పార్లమెంట్ చేతిలో ఉంది, కోర్టు చేతిలో ఉంది. నోరు కట్టుకోవడం మాత్రం ఈ రోజు నుంచే మన చేతిలో ఉంది. రేపు ఎవరైనా మైక్ పెట్టి, 'మీ ఊరి జవాన్లు ఒప్పుకోరంట కదా' అని అడిగితే ఏం చెప్పాలో కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో అగ్నివీర్ నాలుగేళ్లు అయ్యాక చేతికి వచ్చే డబ్బుల లెక్క మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను.